తెడ్డు రేసు, లాంగ్‌బోర్డ్ హీట్: మొదటి పోటీకి దిగేవారికి సమగ్ర మార్గదర్శి

నీళ్ల మీద బాగా తిరగగలిగినవాళ్లందరూ పోటీలో నెగ్గరు. రోజూ పది కిలోమీటర్లు బోర్డు మీద నిలబడి తెడ్డు వేసే మనిషి రేసులో మొదటి బోయా (నీటి మీద తేలే గుర్తు) దగ్గరే ఆరేడు స్థానాలు పోగొట్టుకుంటాడు. ఒడ్డున ఉన్నవాళ్లు ఆగి చూసేంత అందంగా లాంగ్‌బోర్డ్ (అలల మీద జారే పొడవాటి సర్ఫ్ బోర్డు) నడిపే అమ్మాయి, ఇరవై నిమిషాల హీట్‌లో (కొద్దిమంది కలిసి తలపడే ఒక విడత) రెండే అలలు పట్టి, రెండూ సగంలో చచ్చిపోయి, మొదటి రౌండ్‌లోనే బయటికి వచ్చేస్తుంది. ఇద్దరికీ పనితనం తక్కువై కాదు. మామూలు రోజుల్లో ఎవరూ సాధన చెయ్యని చోట్లే పోటీలో దెబ్బ తగులుతుంది: స్టార్ట్, మలుపు, అల ఎంపిక, నిబంధనలు. అందుకే ఇక్కడ ఎక్కువ చోటు వాటికే ఇచ్చాను. బోర్డు మీద నిలబడడం, పడితే మళ్లీ ఎక్కడం మీకు వచ్చనే లెక్కతో మొదలుపెడుతున్నాను.

1. ఏ పోటీయో ముందు తేల్చుకోండి

స్టాండప్ పాడిల్‌బోర్డింగ్, అంటే అందరూ 'సప్' అనే ఆట, ఒక్క పేరు కింద నాలుగైదు రకాలుగా నడుస్తుంది. స్ప్రింట్ 200 మీటర్లు. నిమిషం అటూ ఇటూగా ముగుస్తుంది. టెక్నికల్ రేసులో అలల్ని దాటి బయటికి వెళ్లి, బోయాలు చుట్టి, అలల మీదుగానే ఒడ్డుకు రావాలి, ఇలా కొన్ని ల్యాప్‌లు. డిస్టెన్స్ రేసు గంటల పని. డౌన్‌విండ్‌లో వెనక నుంచి వీచే గాలి లేపే చిన్న చిన్న అలల మీద జారుతూ పోవాలి. హవాయిలో మొలొకయ్ దీవి నుంచి ఓవహు దీవికి 32 మైళ్లు, అంటే సుమారు 52 కిలోమీటర్లు, సముద్రం దాటే రేసు ఈ రకంలో అందరికీ తెలిసినది. దానికి పూర్తిగా భిన్నమైనది నెదర్లాండ్స్‌లో కాలువలు, సరస్సుల మీద పదకొండు ఊళ్లు చుడుతూ ఐదు రోజుల్లో 220 కిలోమీటర్లు సాగే పోటీ. ఇక సప్ సర్ఫింగ్‌లో గడియారంతో పనిలేదు. అల మీద ఏం చేశారో చూసి జడ్జిలు మార్కులు వేస్తారు. లాంగ్‌బోర్డ్ కూడా ఈ జడ్జిల కోవలోదే.

అంతర్జాతీయ సర్ఫింగ్ సంఘం (ఐఎస్ఏ) మొదటి ప్రపంచ సప్ ఛాంపియన్‌షిప్‌ను 2012లో పెరూలో నిర్వహించింది. తర్వాత అంతర్జాతీయ కనూ సమాఖ్య (ఐసీఎఫ్) కూడా సప్ తనదేనంది. గొడవ క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం దాకా వెళ్లింది. ఒలింపిక్ స్థాయిలో సప్‌కు ఐఎస్ఏదే పెత్తనమని, ఐసీఎఫ్ కూడా తన పోటీలు పెట్టుకోవచ్చని 2020లో తీర్పు వచ్చింది. మీకు దీంతో పనేమిటంటే, ఒకే ఆటకు రెండు నిబంధనల పుస్తకాలున్నాయి. మీరు పేరిచ్చిన పోటీ ఏ పుస్తకం ప్రకారం నడుస్తుందో అడిగి తెలుసుకోకుండా బోర్డు కొనకండి.

సప్, లాంగ్‌బోర్డ్ రెండూ ఒకే పెద్ద వేదిక మీద కనిపించడం కొత్తేమీ కాదు. 2019 లిమా పాన్ అమెరికన్ క్రీడల్లో సప్ రేసు, సప్ సర్ఫింగ్, లాంగ్‌బోర్డ్ మూడింటికీ పతకాలున్నాయి. కానీ మొదటి సీజన్‌లోనే మూడింటి మీదా పడకండి. నా సలహా అడిగితే, ఐదారు కిలోమీటర్ల చదును నీటి రేసు ఒకటి, చిన్న అలల్లో జరిగే లాంగ్‌బోర్డ్ పోటీ ఒకటి చాలు. సముద్రం దాటే రేసులు ఎక్కడికీ పోవు.

2. కొలతలు సరిచూసుకోండి

రేసు బోర్డుల్లో బాగా వాడుకలో ఉన్న తరగతులు రెండు: 14 అడుగులు, 12 అడుగుల 6 అంగుళాలు. అసలు పొరపాటు పొడవులో కాదు, వెడల్పులో జరుగుతుంది. 22 అంగుళాల బోర్డు వేగంగా పోతుందని కొంటారు. అది నిజమే, దాని మీద వణకకుండా నిలబడగలిగితే. అడ్డగాలిలో, పక్క బోర్డులు రేపే కెలుకుడు నీటిలో కాళ్లు నిలకడ కోసం తంటాలు పడుతుంటే, తెడ్డుకు దక్కాల్సిన బలం అక్కడే ఖర్చయిపోతుంది. మొదటి రేసుకు 25 నుంచి 27 అంగుళాల మధ్య ఏదైనా మంచిదే. గాలి నింపే బోర్డులకు కొన్ని పోటీల్లో వేరే విభాగం ఉంటుంది. మీ దగ్గర అదే ఉంటే ఆ విభాగంలోనే దిగండి.

తెడ్డు పొడవు రేసుకు మీ ఎత్తు కన్నా ఎనిమిది, పది అంగుళాలు ఎక్కువ. సప్ సర్ఫింగ్‌కు అంతకన్నా పొట్టిగా ఉండాలి, ఎందుకంటే అల మీద మోకాళ్లు వంచి కిందికి దిగాక పొడవాటి తెడ్డు అడ్డం పడుతుంది.

లాంగ్‌బోర్డ్‌కు పోటీ కొలత కచ్చితం. ముక్కు నుంచి తోక దాకా పైభాగం మీద కొలిస్తే కనీసం 9 అడుగులు ఉండాలి. ముక్కు నుంచి 12 అంగుళాల దగ్గర వెడల్పు, అన్నిటికన్నా వెడల్పైన చోట వెడల్పు, తోక నుంచి 12 అంగుళాల దగ్గర వెడల్పు, ఈ మూడూ కలిపితే కనీసం 47 అంగుళాలు రావాలి. ముక్కు సన్నగా ఉండే బోర్డులు ఈ రెండో లెక్కలోనే దొరికిపోతాయి. టేపు పట్టుకుని ఇంట్లోనే కొలుచుకోండి.

లీష్ (మిమ్మల్ని బోర్డుకు కట్టి ఉంచే తాడు) విషయం చిన్నదే అయినా ప్రాణానికి సంబంధించింది. చదును నీటికి చుట్టలు తిరిగిన లీష్, అలల్లోకి తిన్నటి లీష్. ప్రవాహం ఉన్న నదిలో అయితే చీలమండకు అసలు కట్టొద్దు. చెట్టుకొమ్మకో రాయికో చిక్కుకుంటే చేత్తో లాగి విడిపించుకోగలిగేలా నడుముకు క్విక్ రిలీజ్ బెల్టు ఉండాలి.

3. నిబంధనలు చదవండి, పూర్తిగా

ఎవరికీ ఇష్టం లేని పని ఇది. అయినా నెలల సాధన ఇవ్వలేని లాభం గంట చదువు ఇస్తుంది.

రేసులో చూడాల్సినవి ఇవి. మోకాళ్ల మీద ఎన్ని స్ట్రోకులు వెయ్యనిస్తారు? చాలా పోటీల్లో పడి లేచాక ఐదు స్ట్రోకుల్లోపు నిలబడాలి. డ్రాఫ్టింగ్, అంటే ముందున్నవారి వెనక నీటిని వాడుకుంటూ పోవడం, ఎవరి వెనక కుదురుతుంది? సాధారణంగా మీ బోర్డు తరగతి, మీ విభాగంవారి వెనకే. బోయాను ఏ భుజం వైపు ఉంచి తిరగాలి? తప్పు వైపు నుంచి తిరిగితే వెనక్కి వెళ్లి సరిచేసుకోవాలి, లేదంటే రేసు పోయినట్టే. ఒడ్డున పరుగెత్తి గీత దాటే పోటీ అయితే, చేతిలో తెడ్డు ఉండాలా వద్దా అన్నది కూడా రాసి ఉంటుంది.

హీట్‌లో ఒక్కో అలకు సున్నా నుంచి పది దాకా మార్కులు. ఐదుగురు జడ్జిలుంటే అతి ఎక్కువ, అతి తక్కువ తీసేసి, మిగిలిన మూడింటి సగటు లెక్కేస్తారు. 5.5, 6.0, 6.5, 6.5, 7.0 వచ్చాయనుకోండి, 5.5, 7.0 పోతాయి, మీ స్కోరు 6.33. మీరు ఎన్ని అలలు పట్టినా మంచివి రెండే లెక్కకొస్తాయి, మొత్తం ఇరవైకి. నాలుగు దాటితే ఓ మోస్తరు, ఆరు దాటితే మంచిది, ఎనిమిది దాటితే అద్భుతం అన్నది జడ్జిల కొలమానం.

ఇప్పుడు అసలు ప్రమాదం: అడ్డు తగలడం, అంటే ఇంటర్‌ఫియరెన్స్. ప్రయారిటీ పద్ధతి (వంతుల ప్రకారం ఒకరికి ముందుగా అల ఎంచుకునే హక్కు) లేని హీట్‌లో అల విరిగే చోటికి దగ్గరగా, లోపలి వైపు ఉన్నవారిదే ఆ అల. వాళ్ల దారిలోకి మీరు దిగితే మీ రెండో మంచి స్కోరు సగమైపోతుంది. ప్రయారిటీ ఉన్నవారికి అడ్డుపడితే ఆ స్కోరు మొత్తం సున్నా కావచ్చు. ప్రయారిటీ మీ చేతిలో ఉన్నప్పుడు ఇంకో మెలిక ఉంది. అల కోసం తెడ్డో చేతులో వేసి అందుకోలేకపోయినా ప్రయారిటీ పోతుంది. పట్టాలని గట్టిగా అనుకోని అల వైపు కదలనే కదలకండి.

4. రేసు సాధన: స్ట్రోక్ కన్నా ముందు మలుపు

స్ట్రోక్ గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే దాని గురించి అందరూ చెబుతారు. తెడ్డు ముందుకు చాచి, దాని పలక పూర్తిగా మునిగాకే బలం పెట్టండి. మునగకముందే లాగితే గాలి, నురుగు తప్ప ఏమీ దొరకదు. పాదాల దగ్గరికి రాగానే బయటికి తీసెయ్యండి. పాదాలు దాటాక లాగే ప్రతి అంగుళం బోర్డును నీటిలోకి నొక్కుతుంది. పని నడుము, వీపు చెయ్యాలి. ముంజేతులు ముందుగా మండుతున్నాయంటే చేతులతో లాగుతున్నారని అర్థం.

మలుపు దగ్గర ఆగుదాం. బోయా మీ ఎడమ వైపు ఉందనుకుందాం, మీరు ఎడమ కాలు ముందు పెట్టే మనిషి. బోయాకు ఐదారు బోర్డుల దూరంలో ఉండగానే గుంపు నుంచి కాస్త కుడికి, వెలుపలికి జరగండి. అందరూ బోయాను రాసుకుంటూ వెళ్లాలని చూస్తారు, అక్కడే బోర్డులు ఒకదాని మీదొకటి ఎక్కుతాయి. బోర్డు ముక్కు బోయా పక్కకు రాగానే కుడి కాలు వెనక్కి, తోక వైపు ఒక పెద్ద అడుగు. మోకాళ్లు బాగా వంచండి. తెడ్డు కుడి వైపే ఉండాలి, పలక నీటిని వదలకూడదు. అదే మీ మూడో కాలు. ఇప్పుడు ఎడమ కాలు కూడా కాస్త వెనక్కి లాగితే ముక్కు గాల్లోకి లేస్తుంది. ముక్కు దగ్గర మొదలుపెట్టి తోక దాకా అర్ధచంద్రాకారంలో వెడల్పుగా తెడ్డు లాగండి. రెండు, మూడు లాగుళ్లలో బోర్డు తిరిగిపోతుంది. ఇక్కడే చాలామంది తిరిగామన్న సంతోషంలో తోక మీదే నిలబడిపోతారు. ముక్కు కొత్త దారి వైపు రాగానే, తిరగడం పూర్తిగా ఆగకముందే, ముందుకు అడుగు వేస్తూనే మొదటి స్ట్రోక్ పడాలి. అడుగు, స్ట్రోక్ ఒకేసారి.

అదే మనిషికి కుడి మలుపు కష్టం, ఎందుకంటే తెడ్డు వీపు వైపు పడుతుంది. దానికి దారులు రెండే: కాళ్లు మార్చి నిలబడడం నేర్చుకోవడం, లేదా వీపు వైపు తెడ్డు లాగడం అలవాటు చేసుకోవడం. కోర్సు మ్యాప్‌లో ఏ వైపు మలుపులు ఎక్కువున్నాయో చూసి, సాధనలో ఆ వైపుకు రెట్టింపు సమయం ఇవ్వండి. ఒక బోయా వేసుకుని రెండు నిమిషాలు గట్టిగా తెడ్డు వేసి, వెంటనే మలుపు తిరగండి. ఊపిరి అందనప్పుడు వచ్చే మలుపే మీకు నిజంగా వచ్చిన మలుపు.

స్టార్ట్ గురించి రెండు మాటలు. హారన్ మోగాక మొదటి నిమిషం అందరూ పిచ్చి వేగంతో పోతారు. ఆ గుంపులో ముందు వరుసను అందుకోవాలంటే మీరూ అరవై, డెబ్భై సెకన్లు గట్టిగా పోవాల్సిందే, కానీ అక్కడితో ఆపి ఒకరి వెనక చేరండి. బీచ్ స్టార్ట్ అయితే మోకాలి లోతు వచ్చేదాకా బోర్డు ఎక్కొద్దు. ఫిన్ (బోర్డు అడుగున ఉండే రెక్క) ఇసుకలో దిగబడితే బోర్డు అక్కడే ఆగుతుంది, మీరు మాత్రం ఆగరు.

డ్రాఫ్టింగ్‌లో మీ బోర్డు ముక్కు ముందున్న బోర్డు తోకకు ఒక అడుగు దూరంలో ఉండాలి. దూరం పెరిగేకొద్దీ ఆ లాభం తగ్గిపోతుంది, మళ్లీ అందుకోవడానికి రెట్టింపు శ్రమ. ముందున్నవారి స్ట్రోక్ లయనే మీరూ పట్టుకుంటే దూరం నిలకడగా ఉంటుంది. రేసంతా ఒకరి వెనకే నక్కి, చివర్లో దాటేసి వెళ్లడం నిబంధనలకు విరుద్ధం కాదు గానీ, మళ్లీ పోటీలో ఆ మనిషి మీకు చోటివ్వడు. అప్పుడప్పుడు ముందుకొచ్చి లాగండి.

5. లాంగ్‌బోర్డ్ సాధన: జడ్జి ఏం చూస్తాడు

షార్ట్‌బోర్డ్‌లా పదునుగా కోస్తే మార్కులొస్తాయని అనుకుని లాంగ్‌బోర్డ్ పోటీకి వచ్చేవాళ్లున్నారు. జడ్జిలు ఇక్కడ వెతికేది వేరు: శైలి, ఒదుగు, పాదాల నడక, ముక్కు మీద నియంత్రణ, ఇవన్నీ అలలోని కష్టమైన భాగంలో. ప్రపంచ టైటిల్‌ను 1998లో, 2004లో, మళ్లీ 2021లో గెలిచిన జోయెల్ ట్యూడర్ రైడ్‌లు చూడండి. తొందర ఎక్కడా కనిపించదు. ఈ ఆటలో తొందర కనిపించిందంటే మార్కు తగ్గినట్టే.

ముక్కు రైడ్ ఎలా కూడుతుందో దగ్గరగా చూద్దాం. బోర్డును అల పైభాగంలోకి తెచ్చి, తోక మీద బరువు వేసి వేగం కాస్త చంపాలి. వెనక నురుగు, అల ఒంపు తోక మీదికి ఎక్కి దాన్ని నొక్కి పట్టుకుంటాయి. ముక్కు మీద మీ బరువును మోసేది ఆ నొక్కుడే. తోక మీద నీరు లేకుండా ముందుకు నడిస్తే బోర్డు ముక్కుతో సహా మునుగుతారు. తోక పట్టుబడిందని పాదాలకు తెలియగానే వెనక కాలు ముందు కాలిని దాటించి వెయ్యండి, మళ్లీ ఇప్పుడు వెనకబడిన కాలిని దాటించండి. ఇదే క్రాస్ స్టెప్. పాదాలు ఈడ్చుకుంటూ ముందుకు జరిగితే ముక్కు దాకా చేరతారు గానీ శైలి మార్కులు అక్కడే రాలిపోతాయి. నడుస్తున్నప్పుడు కళ్లు పాదాల మీద కాదు, అల ముందు భాగం మీద ఉండాలి. ఒక పాదం వేళ్లు అంచు దాటితే హ్యాంగ్ ఫైవ్, రెండు పాదాలవీ దాటితే హ్యాంగ్ టెన్.

ఎనిమిది సెకన్లు చప్పటి అల భుజం (ఇంకా విరగని వాలు) మీద నిలబడడం కన్నా, విరగబోతున్న గోడ కింద రెండు సెకన్లు పది వేళ్లు దింపడం మేలు. అలాగే, వెళ్లడం ఎంత ముఖ్యమో అడుగులు వేసుకుంటూ వెనక్కి రావడమూ అంతే. ముక్కు మీద నుంచి నీళ్లలోకి దూకేస్తే ఆ రైడ్ సగమే. అల ముగిసేలోపు వెనక్కొచ్చి ఒక మలుపు తిప్పి, హుందాగా బయటికి రండి.

సాధనలో అప్పుడప్పుడు 'పది అలలే' అని హద్దు పెట్టుకోండి. ఏ అల పట్టాలి, ఏది వదలాలి అన్నది అప్పుడే వంటబడుతుంది.

సప్ సర్ఫింగ్‌కు కూడా ఇవన్నీ చాలావరకు వర్తిస్తాయి. తేడా ఒక్కటే: తెడ్డు అలంకారం కాదు. నిలబడి, తెడ్డుతోనే అల పట్టాలి. మలుపులో దాన్ని ఇరుసులా వాడితే జడ్జికి కనిపిస్తుంది, గాల్లో ఊపితే అదీ కనిపిస్తుంది.

6. రెండూ కలిపి వారం ఎలా నడపాలి

రేసు సాధన భుజాలను, నడుమును బిగుసుకునేలా చేస్తుంది. లాంగ్‌బోర్డ్‌కు కావాల్సింది సడలిన ఒళ్లు. అందుకే గట్టి రేసు సాధన చేసిన మర్నాడు ముక్కు రైడ్‌లు ప్రయత్నించి, 'ఫామ్ పోయింది' అని టెన్షన్ పడకండి.

అల ఉన్న రోజు అలకే ఇవ్వండి, అది మన చేతిలో లేదు. లేని రోజుల్లో వారానికి రెండు గట్టి పూటలు చాలు: మొదటిది రెండు నిమిషాలు గట్టిగా, ఒక నిమిషం మెల్లగా, ఎనిమిదిసార్లు, రెండోది మలుపులు, స్టార్ట్‌లు. ఇంకో రోజు రేసు దూరం కన్నా కాస్త ఎక్కువ, మాట్లాడగలిగేంత తేలికగా. పోటీకి వారం ముందు నుంచి పరిమాణం సగానికి దించండి, వేగం మాత్రం దించకండి. ఆ చివరి వారంలో కొత్త ఫిన్, కొత్త తెడ్డు, కొత్త తిండి ఏదీ మొదలుపెట్టొద్దు.

7. పోటీ రోజు

రేసు ముందు జరిగే బ్రీఫింగ్‌కు తప్పకుండా వెళ్లండి. గాలిని బట్టి కోర్సు మారిందని చెప్పేది అక్కడే. తర్వాత ఒడ్డున నిలబడి గాలి, ప్రవాహం చూడండి. ఎదురుగాలి ముందుగా వచ్చే కోర్సులో మొదట్లోనే గుంపు వెనక ఒదిగిపోవడం తెలివి. గాలి వెనక నుంచి ఉంటే విడిగా పోయి చిన్న అలలు పట్టుకోవడం తెలివి. గంట దాటే రేసులో దాహం వెయ్యకముందే నీళ్లు తాగుతూ ఉండండి, గంటకు 30 నుంచి 60 గ్రాముల కార్బోహైడ్రేట్ లోపలికి వెళ్లేలా చూసుకోండి.

హీట్ ముందు, మీ కన్నా ముందు హీట్ మొత్తం చూడండి. సెట్‌కూ సెట్‌కూ (వరుసగా వచ్చే పెద్ద అలల గుంపు) మధ్య ఎన్ని నిమిషాలు పడుతోంది? ఎక్కువ మార్కులొచ్చిన అల ఎక్కడ విరిగింది? ఒడ్డున కదలని రెండు గుర్తులు వరుసలో పెట్టుకుంటే ఆ చోటు నీళ్లలో తప్పిపోదు.

ఇరవై నిమిషాల్లో మొదటి ఐదు నిమిషాలు నాలుగైదు మార్కులు తెచ్చే ఒక సురక్షితమైన అలకు కేటాయించండి. స్కోరు బోర్డు మీద ఒక అంకె పడ్డాక గుండె దడ తగ్గుతుంది. మధ్య పది నిమిషాలు ఓపిక పట్టాల్సిన సమయం. చెత్త అల మీద ఒడ్డుదాకా కొట్టుకుపోతే తిరిగి వచ్చేసరికి మంచి సెట్ ఇంకొకరిది అయిపోతుంది. చివరి ఐదు నిమిషాలు లెక్కలవి. మీకు 5.2, 4.1 ఉన్నాయి, మొత్తం 9.3. ముందున్నవారికి 11.0. అంటే 4.1ని తీసేసి 5.8 కన్నా ఎక్కువ తెచ్చే అల కావాలి. దానికి పేద్ద సెట్ అక్కర్లేదు, శుభ్రమైన ఒక హ్యాంగ్ ఫైవ్, ఒక మంచి మలుపు చాలు. ఈ లెక్క తెలియనివాడు తొమ్మిది మార్కుల అల కోసం ఎదురుచూస్తూ హారన్ వింటాడు. ప్రయారిటీ మీదై, ఆధిక్యం కూడా మీదే అయితే, రెండో స్థానంలో ఉన్న మనిషి పక్కనే కూర్చోండి. వాళ్లు కోరుకునే అల మీరు పట్టండి.

ఐఎస్ఏ పోటీల్లో రెపెషాజ్ పద్ధతి ఉంటుంది. ఒక హీట్ ఓడినా ఇంకో దారిలో పైకి రావచ్చు. కాబట్టి ఓడిన వెంటనే బోర్డు సర్దేసి వెళ్లిపోవద్దు. తర్వాతి హీట్ ఎప్పుడో నోటీసు బోర్డు మీద చూసుకుని, నీళ్లు తాగి, నీడలో కూర్చోండి.

ఫలితం మీద అభ్యంతరం ఉంటే చెప్పుకునే గడువు చాలా తక్కువగా ఉంటుంది. అడ్డు తగిలారన్న నిర్ణయం మీదో, బోయా తప్పారన్న మాట మీదో అభ్యంతరం పెట్టొచ్చు. జడ్జి వేసిన మార్కు మీద వాదన నడవదు. ఎవరినైనా ఒడ్డున వీడియో తియ్యమని ముందే అడిగి ఉంచండి. హీట్ అంతా ఒకే షాట్‌లో, జూమ్ చెయ్యకుండా, నీళ్లలో ఉన్న అందరూ కనిపించేలా తియ్యమనండి. మిమ్మల్ని ఒక్కరినే తీస్తే ప్రయారిటీ ఎవరిదో, మీరు వదిలేసిన అల ఎలాంటిదో అందులో కనిపించదు.